పసుపు వానకు సాక్షి ఎవరు?

2012 సెప్టెంబరులో అమెరికాకు చెందిన రేడియోల్యాబ్ అనే పాడ్‌కాస్ట్ నిజం అంటే ఏమిటో వెతుకుతూ ఒక ఎపిసోడ్ ప్రసారం చేసింది. న్యూయార్క్ ప్రజా రేడియో కోసం జాద్ అబుమ్‌రాద్, రాబర్ట్ క్రుల్‌విచ్ కలిసి నడిపిన ఈ కార్యక్రమానికి సైన్సంటే ఇష్టపడే శ్రోతల్లో చాలా పేరుంది. ఎంత కష్టమైన విషయాన్నైనా ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు ప్రశ్నించుకుంటూ విప్పుకుంటూ పోయేవారు. ఆ రోజు మొదటి కథ 1855 నాటి క్రిమియా యుద్ధపు ఫోటోలది. రోజర్ ఫెంటన్ ఒకే చోట తీసిన రెండు ఫోటోల్లో, ఒకదానిలో ఫిరంగి గుండ్లు బాట మీద పరచుకుని ఉన్నాయి, రెండోదానిలో బాట ఖాళీగా ఉంది. ఏది ముందు తీశాడు? ఆ చిక్కు విప్పడానికి సినిమా దర్శకుడు ఎరోల్ మోరిస్ క్రిమియా దాకా వెళ్లాడు. చివరికి రెండు ఫోటోల మధ్య చిన్న చిన్న రాళ్లు కిందికి జారిన తీరును బట్టి జవాబు తేలింది. వింటుంటే మనసుకు హాయిగా ఉంటుంది. రెండో కథ కూడా అలాగే తేలుతుందని అనుకున్నట్టున్నారు. తేలలేదు.

ఆ రెండో కథ మోంగ్ ప్రజలది. లావోస్ కొండల్లో బతికే ఈ జాతివాళ్లను వియత్నాం యుద్ధకాలంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తన తరఫున పోరాటానికి దింపింది. 1975లో లావోస్ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది, అమెరికా తన దారిన తాను వెళ్లిపోయింది, మోంగ్‌లను వేటాడడం మొదలైంది. అడవులు పట్టుకుని, మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు చేరినవాళ్లు ఒక సంగతి చెప్పారు. ఆకాశం నుంచి పసుపు వాన పడింది. ఆకుల మీద, రాళ్ల మీద జిగురు చుక్కలు మిగిలాయి. తర్వాత మనుషులకు వాంతులు, నెత్తురు పడడం, చావులు. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ దీన్ని రసాయన దాడి అని లోకానికి ప్రకటించాడు. బూజు జాతుల నుంచి తీసిన విషాన్ని సోవియట్ యూనియన్ సరఫరా చేస్తోందన్నాడు. అమెరికా మళ్లీ రసాయనాయుధాల తయారీకి దిగడానికి రేగన్ ప్రభుత్వం చూపిన కారణాల్లో ఇదీ ఒకటి.

హార్వర్డ్ జీవశాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్‌కు ఆ ప్రకటన మీద అనుమానం వచ్చింది. డీఎన్ఏ తన నకలును ఎలా తయారు చేసుకుంటుందో 1958లో ఫ్రాంక్లిన్ స్టాల్‌తో కలిసి రుజువు చేసిన మనిషి ఆయనే. పసుపు చుక్కల నమూనాల నిండా పుప్పొడి ఉంది. ఆ పుప్పొడి రేణువుల లోపల మాంసకృత్తులు మాత్రం లేవు, అంటే దాన్ని ఏదో ప్రాణి తిని అరిగించుకుంది. తేనెటీగల మీద జీవితమంతా పరిశోధించిన థామస్ సీలీ తోడయ్యాడు. తేనెటీగలు గుంపుగా తుట్టె వదిలి పైకెగిరి ఒక్కసారిగా రెట్ట వేస్తాయి. అవి ఎంత ఎత్తున ఎగురుతాయంటే కింద ఉన్నవాళ్లకు కనిపించవు, చుక్కలు మాత్రం వానలా పడతాయి. 1984లో థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు ఆ వాన వాళ్ల మీదే పడింది. చెట్టు కొమ్మలకూ కొండచరియలకూ పెద్ద పెద్ద తుట్టెలు పెట్టే ఆ తేనెటీగలు మన అడవుల్లోనూ ఉన్నాయి. ఒక అగ్రరాజ్యం ఇంకో అగ్రరాజ్యం మీద మోపిన నేరాన్ని ఇద్దరు శాస్త్రవేత్తలు తేనెటీగల రెట్ట దాకా తెచ్చి నిలబెట్టారు. సైన్సు చేయగల గొప్ప పనుల్లో ఇదొకటని నేను నమ్ముతాను. ఇందులో ఒక్క అడుగు కూడా వెనక్కి తీసుకోను.

ఆ శాస్త్రవేత్తలతో మాట్లాడాక రేడియోల్యాబ్ బృందం మిన్నెసోటాలో స్థిరపడిన ఎంగ్ యాంగ్ అనే మోంగ్ పెద్దాయనతో మాట్లాడింది. ఆయన మాటలను ఇంగ్లీషులో చెప్పింది ఆయన సోదరుడి కూతురు కావ్ కలియా యాంగ్. ఆయన తన కళ్లముందు ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయో, జనం ఎలా పోయారో చెప్పాడు. క్రుల్‌విచ్ అడిగాడు: ఆ పసుపు చుక్కలు విమానం నుంచి పడడం మీరు స్వయంగా చూశారా? మోంగ్‌లు ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడే అది పడేది, మాకు తెలిసింది అది, అని జవాబు వచ్చింది. అది చెప్పుడు మాటే కదా అన్నట్టు మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. ఒక దశలో కలియా గొంతు పూడుకుపోయింది. మా వాళ్ల చావుల గురించి ఇన్నేళ్లకు ఎవరో అడుగుతున్నారనే ఆయన ఈ సంభాషణకు ఒప్పుకున్నాడు, తీరా ఆయన చూసినదాన్నే తోసేస్తున్నారు, ఇక చాలు, అనే అర్థం వచ్చేలా చెప్పి ఏడ్చింది. సంభాషణ ఆగిపోయింది.

ఆ ఏడుపును వాళ్లు దాచలేదు, ప్రసారంలో ఉంచారు. తర్వాత కార్యక్రమ బృందంలో ముగ్గురు కూర్చుని దాని గురించి తర్జనభర్జన పడ్డారు. మోంగ్‌ల బాధ ఒక్కటే కథ కాదని, ఆ ఆరోపణ వల్ల ప్రపంచం ఎంత ప్రమాదంలో పడిందో కూడా చూడాలని క్రుల్‌విచ్ కాస్త కోపంగానే వాదించాడు. ఎపిసోడ్ బయటికి వచ్చాక శ్రోతల నుంచి తీవ్రమైన విమర్శ వచ్చింది. ఆయన తన మాట తీరుకు క్షమాపణ చెప్పాడు, ఎపిసోడ్‌లో కొంత భాగం మార్చారు.

అసలు సంగతి ఆ తర్వాత కలియా రాసిన వ్యాసంలో ఉంది. అక్టోబరులో అచ్చయిన ఆ వ్యాసంలో ఆమె రెండు విషయాలు చెప్పింది. కార్యక్రమంలో శాస్త్రవేత్తలకూ అధికారులకూ హోదాలు చెప్పారు, ఎంగ్ యాంగ్‌ను మాత్రం ఒక మోంగ్ మనిషిగా పరిచయం చేసి వదిలేశారు. మోంగ్ కుటుంబాల వలస మీద మంచి పుస్తకం రాసిన తాను కూడా అందులో ఆయన సోదరుడి కూతురు మాత్రమే. రెండో విషయం ఇంకా పెద్దది. తమకు తేనెటీగలు తెలుసని, తరతరాలుగా కొండల్లో తేనె తీసినవాళ్లమని, ఆ వాన పడింది తేనెతుట్టెలకు దూరంగా, జనం ఎక్కువున్న చోట్ల అని ఆయన ఆ సంభాషణలోనే చెప్పాడట. ఆ ముక్క ప్రసారంలో లేదు.

నన్ను కుదిపింది ఈ లేని ముక్క. సాక్షిని అవమానించడం తప్పని అందరికీ తెలుసు, అది మర్యాదకు సంబంధించిన విషయం. కానీ ఇక్కడ పోయింది మర్యాద ఒక్కటే కాదు, ఆధారం కూడా. తేనెటీగల గురించి తెలిసిన ఒక మనిషి, తేనెటీగల సిద్ధాంతం మీద ఒక అభ్యంతరం చెప్పాడు. అది సైన్సు భాషలో మాట్లాడటమే. ఆ అభ్యంతరం నిలబడకపోవచ్చు కూడా. ఆ ఈగలు తుట్టె నుంచి చాలా దూరం ఎగురుతాయని, కంటికి ఆనవని సీలీ జవాబు చెప్పగలడేమో. అలాంటప్పుడు ఆ ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని, తేనెటీగల దారుల గురించి, తేనె తీసే కాలాల గురించి, వాన పడిన చోట్ల గురించి మాట్లాడుకుని ఉంటే? ఇద్దరికీ ఆ పురుగంటే అపారమైన శ్రద్ధ. నేను జీవితంలో వినాలనుకున్న పాడ్‌కాస్ట్ అదే. అది ఎవరూ చేయలేదు. బాధితుడిగా ఆయన్ను పిలిచారు, తెలిసినవాడిగా పిలవలేదు. కన్నీళ్లకు చోటిచ్చి, తెలివికి చోటివ్వకపోవడం ఎలాంటి వినికిడి?

మన దేశంలో ఈ ప్రశ్నను పూర్వం నుంచీ అడుగుతున్నారు. తెలుసుకునే దారులెన్ని? చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే అన్నారు, కంటికి కనిపిస్తేనే ఒప్పుకుంటామన్నారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు దానికి అనుమాన ప్రమాణాన్ని చేర్చి, ఇతరుల మాట ద్వారా తెలిసేదాన్ని అందులోనే కలిపేశాడు. న్యాయ దర్శనం వాళ్లు నాలుగు ప్రమాణాలు ఒప్పుకుని, నమ్మదగినవాడి మాటకు శబ్ద ప్రమాణమని విడిగా పీట వేశారు. నమ్మదగినవాడెవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాల రచయిత వేరు) దీనికిచ్చిన జవాబు చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే. పుట్టుకను బట్టి మనిషిని తూచిన సమాజంలోనే ఒక తార్కికుడు, జ్ఞానం దగ్గర మాత్రం ఆ తూకం చెల్లదని రాశాడు. సమాజం ఆ మాటను పాటించిందా అంటే లేదు. ఏకలవ్యుడి సంగతి మనకు తెలుసు. అయినా ఆ వాక్యం ఉంది. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఇంగ్లండ్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ ఇదే గాయానికి మరో వైపు నుంచి వచ్చింది. ఎదుటివాడు ఎవరన్నదాన్ని బట్టి అతని మాటకు విలువ తగ్గించడం, అతన్ని తెలిసినవాడిగా లెక్కచేయకపోవడం దానంతటదే ఒక అన్యాయమని 2007లో ఒక పుస్తకమే రాసింది.

ఇక్కడ నాకొక భయం కూడా ఉంది. దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోతే ఈ ఆలోచన సగమే నిజాయితీగా ఉంటుంది. బాధపడ్డవాళ్లు చెప్పిందల్లా ప్రమాణమేనా? 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరికొందరు లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేశారు. టీకా వేయించాక తమ పిల్లలు మారిపోయారని చెప్పిన తల్లిదండ్రుల మాటలు దానికి ఆధారం. ఆ తల్లిదండ్రులు అబద్ధమాడారని నేను అనుకోను. పిల్ల ఎప్పుడు మాట మానేసిందో తల్లికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ ఎందుకు మానేసిందో తల్లికి తెలుసా? పరిశోధన తప్పుడుదని తేలి, 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. ఆ మధ్యకాలంలో ఎంతమంది పిల్లలకు టీకా అందలేదో! సాక్ష్యాన్ని పరీక్షించకుండా తలకెత్తుకుంటే మనుషులు చచ్చిపోతారు. క్రుల్‌విచ్ మొండిగా ప్రశ్నించడం వెనక ఈ ఎరుక ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను.

అయితే రెండింటికీ మధ్య ఒక గీత కనబడుతోంది. పసుపు వాన కథలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఆ చుక్కల్లో ఏముంది? ఆ మనుషులు ఎలా పోయారు? మొదటిదానికి పుప్పొడి జవాబు చెబుతుంది. రెండోదానికి అది జవాబు కాదు. తూటాలా, ఆకలా, కలుషితమైన నీళ్లా, మరేదైనా విషమా, దీని మీద వాదం ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు. మొదటి ప్రశ్న తేలగానే కథ ముగిసిందనుకోవడంలోనే పొరపాటు జరిగింది. మోంగ్ శరణార్థుల ఇంట పుట్టిన కవయిత్రి మై దెర్ వాంగ్ 2021లో ‘యెల్లో రెయిన్’ పేరుతో కవితా సంపుటి తెచ్చింది. రహస్య ముద్ర తొలగిన అమెరికా ప్రభుత్వ పత్రాలను పేజీల మీద పరిచి, వాటి మధ్యనుంచి తన వాళ్ల చావుల గురించి అడుగుతుంది. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతికి తుది జాబితాలో నిలిచిన పుస్తకమది. అప్పటి ప్రశ్నను అప్పటి పిల్లల తరం మళ్లీ తెరుస్తోంది.

ఇందులో శ్రోత పాత్ర ఏమిటి? మనకు చిక్కుముడి విడిపోవడం ఇష్టం. నడుస్తూనో, బస్సులోనో, వంట చేస్తూనో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నప్పుడు, గంట తిరిగేలోగా ఏదో తెలిసిపోవాలి. తెలియనిదంతా తెలిసినదైపోయే ఆ క్షణంలో ఒక సంతోషం ఉంది, అది మేలైన సంతోషమే. రామన్ ప్రభావం గురించో, కడుపులో పుండుకు కారణం బాక్టీరియా అని రుజువు చేయడానికి బారీ మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులను తానే తాగేసిన సంగతో విన్నప్పుడు మనసు వికసిస్తుంది. కానీ ఇంకా చల్లారని దుఃఖం ఉన్నచోట అదే సంతోషాన్ని వెతుక్కుంటే, మన కుతూహలం ఎవరి ఖర్చుతో తీరుతోంది? మన సంతృప్తి కోసం ఎంగ్ యాంగ్ ఒక ముగింపు ఇవ్వాలా?

అదే రేడియోల్యాబ్ రెండేళ్ల ముందు ఇంకోలా విన్నది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ముప్ఫై ఒకటో ఏట చనిపోయింది. ఆమెకు చెప్పకుండా తీసిన కణితి కణాలు జార్జ్ గై ప్రయోగశాలలో చావు లేకుండా పెరిగాయి. పోలియో టీకా పరీక్షల నుంచి నేటి వరకూ హీలా అని పేరుపడ్డ ఆ కణాలు లేని జీవశాస్త్ర ప్రయోగశాల అరుదు. కుటుంబానికి ఆ సంగతి తెలిసేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. 2010లో హెన్రియెట్టా మీద రెబెకా స్క్లూట్ పుస్తకం వచ్చిన రోజుల్లోనే ఆ కార్యక్రమం కణుతుల మీద ఒక ఎపిసోడ్ చేసింది. అందులో స్క్లూట్ టేపుల నుంచి హెన్రియెట్టా కూతురు డెబొరా గొంతు వినిపిస్తుంది. తల్లి పోయేనాటికి ఆమె పసిపిల్ల. తన అమ్మ కణాలను అంతరిక్షంలోకి పంపారంటే అమ్మకు నొప్పి కలిగిందా అని జీవితమంతా వేధించుకున్న మనిషి. ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టేయవచ్చు. కణానికి నొప్పి తెలియదని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. కానీ ఆమె అడిగింది కణం గురించి మాత్రమేనా? అడగకుండా తీసుకున్నవాళ్లకు అమ్మ ఒక మనిషని ఎప్పుడైనా తోచిందా అని కూడా అడిగింది కదా. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇప్పటికీ జవాబు వెతుక్కుంటోంది. 2013లో ఆ కణాల జన్యు సమాచారాన్ని ఎవరు వాడుకోవచ్చో నిర్ణయించడంలో కుటుంబానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ చోటు కల్పించడం అలాంటి జవాబుల్లో ఒకటి. అంటే ఆమెది చివరికి విధానాన్నే కదిలించిన ప్రశ్న.

ఎరిన్ అని ఒకే పేరున్న ఇద్దరు స్త్రీలు 2017 నుంచి జబ్బుల చరిత్ర మీద నడుపుతున్న పాడ్‌కాస్ట్‌లో, సూక్ష్మజీవి దగ్గరకు వెళ్లేముందు ఆ జబ్బు పడ్డ మనిషి స్వయంగా చెప్పుకున్న మాటలు వినిపించే పద్ధతి ఉంది. చిన్న ఏర్పాటే. దానివల్ల తర్వాత వచ్చే సైన్సు బరువు మారిపోతుంది.

మన దగ్గర ఆ మాటలు దొరకని కథలే ఎక్కువ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఉంది, ఆయన పేరుంది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారని రాస్ కథలో వస్తుంది. అక్కడితో ఆయన కథ ఆగిపోతుంది. జ్వరంతో దోమతెర లోపల పడుకుని కుట్టించుకుంటున్నప్పుడు ఏమనుకున్నాడు? ఎందుకు కుట్టిస్తున్నారో ఎవరైనా చెప్పారా? తర్వాత కోలుకున్నాడా? ఈ కథను తెలుగులో ఎన్నిసార్లు చెప్పుకున్నా ఈ ప్రశ్నల దగ్గర గొంతు మూగబోతుంది, ఎందుకంటే ఆనాడు ఎవరూ ఆయన్ను అడిగి రాసుకోలేదు.

ఇప్పుడు అడగగలిగినవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఊళ్లలో, మధుమేహమో రక్తపోటో కారణంగా చెప్పలేని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషులను తీసుకుపోతోంది. కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే కుటుంబాలు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. నీళ్లలోని సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఒక్కదాని మీద వేలు పెట్టి ఇదేనని చెప్పే స్థితి ఇంకా రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి.

దీని మీద తెలుగులో ఎవరైనా మంచి పాడ్‌కాస్ట్ చేయాలని నా కోరిక. చేసేవాళ్లు మూత్రపిండం ఎలా పనిచేస్తుందో చక్కగా చెప్పాలి, క్రియాటినిన్ అంకెలో ఏముందో విప్పాలి, ప్రతి ఊహకూ ఆధారమెంతో, లోపమెంతో తూచాలి. డయాలసిస్ మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఎంత నొప్పిగా ఉందమ్మా అని అడిగి వచ్చేయకూడదు. ఏ బావి నీళ్లు తాగేవాళ్లు, ఏ ఏడు నుంచి ఏ వీధిలో మొదలైంది, మధ్యాహ్నం తోటలో ఎన్ని గంటలు, దాహమైతే ఏం చేసేవాళ్లు, మీ అంచనా ఏమిటి, డాక్టర్లు చెప్పినదానిలో మీకు ఒప్పుకోబుద్ధి కానిది ఏమిటి అని అడగాలి. ఆ జవాబును పరిశోధకుల ముందు పెట్టాలి. పరిశోధకుల జవాబును తిరిగి ఆమె ముందు పెట్టాలి. ఆమె తప్పని తేలితే, తప్పని ఆమెకే, ఆమె భాషలో, ఆధారంతో సహా చెప్పాలి. ఆమె ఇంకో ప్రశ్న వేస్తే ఎపిసోడ్ నిడివి గురించి ఆలోచించకుండా అక్కడే ఆగాలి. జవాబు దొరకకుండా ఎపిసోడ్ ముగిసిపోతే శ్రోతలు కూడా సర్దుకోగలరా? కారణం తెలియని ఒక జబ్బు గురించి, కారణం తెలియకుండానే, ఆ ఊరివాళ్లు బతుకుతున్నంత కాలం వింటూ ఉండగలమా?